తపస్సు మాను కింద కెమెరా: ఒక వీఆర్ సినిమా, రెండు ఎండాకాలాలు

"ఈ ఏడు మీ ఊళ్ళో భారతం పెడతాండారా?"

ఎండలు ముదిరే వేళకి చిత్తూరు జిల్లా పల్లెల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో మామూలుగా 18 రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. మధ్యలో ఒక పగలు అర్జున తపస్సు. చివరి రోజు పొద్దున మట్టితో పోసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ తొడ మీద భీముడు గద వేస్తాడు. ఆ సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు.

ఇందులో అర్జున తపస్సును నేను 360 డిగ్రీల వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సినిమాగా తీశాను, అంటే కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుని తల ఎటు తిప్పినా ఆ చోటే మన చుట్టూ కనపడే సినిమా. నిడివి 11 నిమిషాలు. దానికి 2023, 2024 రెండు ఎండాకాలాలు పట్టాయి, మొదటిసారి తీసింది పనికిరాలేదు కాబట్టి. పెళ్ళి వీడియోల నుంచి, షార్ట్ ఫిల్ముల నుంచి వీఆర్ వైపు రావాలనుకునే పిల్లలు తిరుపతిలో కనిపించినప్పుడల్లా "అక్కా, ఏ కెమెరా కొనాలి?" అని అడుగుతారు. కెమెరా సంగతి కూడా చెబుతాను. కానీ నన్ను రెండేళ్ళు తిప్పలు పెట్టిన ప్రశ్న వేరే: చూసేవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలి?

మిక్సింగ్ గది నుంచి

2008లో చిత్తూరులో ఒక ఫోటో స్టూడియోలో పెళ్ళి వీడియోల మిక్సింగ్‌తో నా పని మొదలైంది. పగలంతా కరిజ్మా ఆల్బమ్ పేజీలు, రాత్రిళ్ళు వీడియో. కట్ ఎక్కడ పడాలో నాకు నేర్పింది ఆ గదే. గట్టిమేళం ఎత్తుకునే క్షణానికి రవ్వంత ముందు షాట్ మారితే చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. రవ్వంత తర్వాత మారితే అది ఇంకో పెళ్ళి, అంతే. తర్వాత హైదరాబాద్‌లో ఆరేళ్ళు ఎడిటింగ్ అసిస్టెంట్‌గా సినిమాలకీ, కొన్ని డాక్యుమెంటరీలకీ పనిచేశాను.

2016లో ఒక స్నేహితురాలు నా చేతిలో అట్టపెట్టె పెట్టింది. గూగుల్ 2014లో తెచ్చిన కార్డ్‌బోర్డ్ అది. రెండు లెన్సులు, లోపల మన ఫోనే తెర. అందులో ఎవరో తీసిన సంత ఒకటి చూశాను. ఎదురుగా ఉన్న అంగడి చూస్తూ చూస్తూ ఊరికే వెనక్కి తిరిగితే వెనక కూడా సంత ఉంది. అంతవరకూ నేను నేర్చుకున్న విద్య అంతా ఆ "వెనక"ను దాచడమే. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

మరుసటి ఏడు కాన్ చలనచిత్రోత్సవంలో మెక్సికో దర్శకుడు అలెహాంద్రో ఇన్యారిటు చేసిన వీఆర్ ప్రదర్శన గురించి చదివాను. సరిహద్దు ఎడారి దాటే వలసవాళ్ళ కథ అది. చూసేవాళ్ళు హెడ్‌సెట్ పెట్టుకుని, చెప్పులు విడిచి, నిజం ఇసుక మీద నడుస్తారు. దానికి ఆ ఏడాదే ప్రత్యేక ఆస్కార్ కూడా ఇచ్చారు. నేను దాన్ని చూడలేదు. కానీ కాళ్ళ కింద ఇసుక అన్న సంగతి మాత్రం నా మనసులోంచి పోలేదు.

2018లో తిరుపతికి వచ్చేశాను. కళాకారిణి అని చెప్పుకుంటే ఇల్లు గడవదు కాబట్టి ఈ మాట కూడా చెప్పాలి: నా అద్దె కట్టేది అపార్ట్‌మెంట్ల వర్చువల్ టూర్లు, నగల దుకాణాల యాడ్లు, కాలేజీ యానివర్సరీలకి ఎల్‌ఈడీ తెర మీద వేసే విజువల్స్. ఈ పనుల్లో ఒకదాని డబ్బులు నాకు ఇంకా రాలేదు. ఒక సంస్థ తిరుమల దర్శనాన్ని వీఆర్‌లో అడిగింది. గుడి లోపలికి కెమెరా, ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, కాబట్టి కంప్యూటర్‌లో కట్టిన గుడి చూపిస్తాం, అది కట్టిన బొమ్మ అని ముందే చెప్పాలి అన్నాను. వాళ్ళు నిజం దర్శనంలా అమ్ముకోవాలన్నారు. సగం పనయ్యాక వదిలేశాను. ఆ రెండు నెలల కష్టం పోయినందుకు బాధ ఉంది, వదిలేసినందుకు లేదు.

మొదటి ఎండాకాలం

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు గంగాధర నెల్లూరు వైపు. తపస్సు నాటికి ఊరి బయట మైదానంలో పొడవాటి మాను నాటుతారు. పైదాకా మెట్లు కొడతారు, కొసన కూర్చునేందుకు చోటు కడతారు. అర్జునుడి వేషం కట్టినాయన మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడతారు. పైనుంచి ఆయన నిమ్మకాయలు, పళ్ళు, విభూది, పూలు విసురుతాడు. అవి తమ మీద పడితే బిడ్డ పుడుతుందని నమ్మకం.

2023లో నేను చేసిన పని చెబుతాను. మానుకి ఆరడుగుల దూరంలో, అందరికంటే ముందు కెమెరా పెట్టాను. ఎత్తు 155 సెంటీమీటర్లు, నిలబడిన మనిషి కంటి ఎత్తు అని లెక్క. అన్నిటికంటే మంచి చోటు దొరికిందని సంతోషపడ్డాను. సినిమా బుద్ధి అది. కథానాయకుడికి ఎంత దగ్గరైతే అంత మంచి షాట్.

తిరుపతి వచ్చి కంప్యూటర్‌లో ఎక్కించి, మా పిన్ని కొడుకుని కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌సెట్ పెట్టాను. రెండు నిమిషాలకే "అక్కా, గాల్లో ఏలాడతాండట్టుండాది" అన్నాడు. ఒళ్ళు కుర్చీలో ఉంది, కన్ను నిలబడి ఉంది. రెండింటికీ పొంతన లేదు. పైగా మాను మరీ దగ్గర. తల పూర్తిగా వెనక్కి వాలిస్తే తప్ప అర్జునుడు కనపడడు, అలా మూడు నిమిషాలు చూస్తే మెడ పట్టేస్తుంది.

బొమ్మ కూడా మసగ్గా ఉంది. ఆ కెమెరా 5.7కె అని డబ్బా మీద రాసి ఉంటుంది, అంటే అడ్డంగా 5760 చుక్కలు. టీవీకైతే చాలా ఎక్కువ. కానీ అవి చుట్టూ 360 డిగ్రీలకీ పంచిన చుక్కలు. హెడ్‌సెట్‌లో ఒకసారికి మనకి కనపడేది దాదాపు పావు వంతు, అంటే 1440. మాను కొసన ఉన్న మనిషి ముఖానికి అందులో దక్కేవి పట్టుమని ఇరవై చుక్కలు కూడా లేవు. కెమెరా కొనే పిల్లలు డబ్బా మీద అంకెను ముందు నాలుగుతో భాగించుకుని ఆ తర్వాత డబ్బులు తీయాలి.

తెల్లవారుజామున బడి గదిలో వేషం కట్టే షాట్ మరీ ఘోరం. షటర్ వేగాన్ని కెమెరాకే, ఆటోమేటిక్‌కి వదిలేశాను. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. షటర్ తెరిచి ఉండే సమయం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ ఉంటే ఆ మినుకు కనపడదు. కెమెరా తనకి తోచిన వేగానికి వెళ్ళింది, గోడల నిండా నల్లటి చారలు పాకాయి. టీవీలో అయితే చిరాకు. హెడ్‌సెట్‌లో అదే గది మన చుట్టూ ఉంటుంది కాబట్టి తలనొప్పి. పెళ్ళి వీడియోలతో పని మొదలుపెట్టిన నాకు ఇది తెలియనిది కాదు. ఆ రోజు టెన్షన్‌లో చూసుకోలేదు.

ఇంకో ప్రయోగం కూడా చేశాను. అర్జునుడి వేషగాడి ఛాతీకి చిన్న కెమెరా కట్టి పంపాను. చూసేవాళ్ళు కూడా మాను ఎక్కుతారని ఆశ. మా అమ్మ ఒక్క నిమిషం చూసి హెడ్‌సెట్ లాగేసి, మంచినీళ్ళు అడిగింది. కన్ను పైకి పోతున్నానంటుంది, లోచెవి కదలకుండా కూర్చున్నానంటుంది. ఆ తగువు కడుపులో తేలుతుంది. 1995లో కెనడా కళాకారిణి షార్ డేవిస్ ఒక వీఆర్ కృతిలో దీనికి చక్కటి దారి వెతికింది. చూసేవాళ్ళు ఊపిరి పీల్చితే పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు. పైకి పోవడం ఒంట్లోంచే పుడుతుంది. అలా చేద్దామా అని చాలా రోజులు ఆలోచించాను. చివరికి వద్దనుకున్నాను. ఆమెది గీసిన లోకం, అక్కడ ఎవరైనా తేలవచ్చు. ఇది దీక్షలో ఉన్నవాడు ఎక్కే మాను. ఊళ్ళో ఎవరూ ఎక్కని చోటికి హెడ్‌సెట్ ఉందని నేను ఎవరినీ ఎక్కించకూడదు.

చిన్నమ్మమ్మ చాప

2024 భారతానికి నెల ముందు ఊరికి వెళ్ళి, ఆ పాత షాట్ చిన్నమ్మమ్మకి చూపించాను. అమ్మమ్మ చెల్లెలు ఆమె. హెడ్‌సెట్ తీసి ఒకటే మాట అంది.

"యాడ పెట్నావు పాపా నువ్వు? ఆడ ఎవురూ కూసోరు. అది పండ్లు పడే చోటు."

మానుకి దగ్గరగా ఉన్న నేల వరం కోరి పడుకునేవాళ్ళది. మిగతావాళ్ళు దాని అవతలే కూర్చుంటారు. ఊళ్ళో అందరికీ తెలిసిన గీత అది, ఎవరూ గీయలేదు. నేను కెమెరాతో పాటు చూసేవాళ్ళని కూడా తీసుకెళ్ళి ఆ గీత లోపల నిలబెట్టాను. పిన్ని కొడుక్కి గాల్లో వేలాడినట్టు అనిపించడానికి ఎత్తు ఒక్కటే కారణం కాదని నాకు అప్పుడు తట్టింది.

"నువ్వెక్కడ కూర్చుంటావు చిన్నమ్మమ్మా?" అని అడిగాను. చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. పడుకునేవాళ్ళ వరస దాటి, కాస్త మెరక. అక్కడి నుంచి మాను మొదలూ కొసా రెండూ తల కొంచెం ఎత్తితే చాలు కనపడతాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆమె చాప వేసుకునే చోటు. నేను టేపు తెచ్చి చాప మీద కూర్చున్న మనిషి కన్ను ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. 74 సెంటీమీటర్లు. కెమెరా ఆ ఎత్తులోనే పెట్టాను. ఆమె చాప పక్కన, ఆరడుగుల ఎడంగా.

ఆ ఎడం ఎందుకో కూడా చెప్పాలి. ఈ కెమెరాకి వీపు వీపు ఆనించిన రెండు లెన్సులు ఉంటాయి. రెండు బొమ్మలూ కలిసే చోట అతుకు. అతుకు దగ్గరికి మనిషి మరీ దగ్గరగా వస్తే ముఖం చీలిపోతుంది లేదా రెండు ముక్కులు కనపడతాయి. మొదటి ఏడు ఒక పసివాడి ముఖం అలాగే చెడింది. ఈసారి అతుకు ఒకవైపు చెరుకు తోట మీదకీ, రెండోవైపు ట్రాక్టర్లు ఆపిన చోటుకీ పడేలా కెమెరాని తిప్పి పెట్టాను. లెన్సు ఒకటి నేరుగా మాను వైపు, ఒకటి నేరుగా జనం వైపు.

ఎండ సంగతి వేరే. గొడుగు పడితే సినిమాలో గొడుగే కనపడుతుంది. నీడ లేకుంటే ఇరవై నిమిషాల్లో కెమెరా కాగిపోయి ఆగిపోతుంది. అందుకని రెండు కెమెరాలు తెచ్చాను, ఈసారి 8కె రకం. ఒకదాన్ని ఐసు పెట్టెలో, గుడ్డ చుట్టి, తడి తగలకుండా ఉంచాను. అర్జునుడు మానుకి ప్రదక్షిణ మొదలుపెట్టాక గొడుగు తీసేశాను.

మరి నేనెక్కడ దాక్కోవాలి? 360 సినిమాలో కెమెరా వెనక అనే చోటు లేదు. చెరుకు తోటలోకి పోతే కెమెరా ఆగినా తెలియదు. చివరికి చిన్నమ్మమ్మ చాప మీదే, కొంగు తలమీద కప్పుకుని కూర్చున్నాను. సినిమాలో ఎడమవైపు తిరిగితే నేను కనపడతాను. మొదట సిగ్గేసింది. ఇప్పుడు అలాగే ఉండాలనిపిస్తోంది. ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

శబ్దం ఎటు నుంచి

సినిమాలో నువ్వు ఇటు చూడు అని కట్ చెబుతుంది. మా 11 నిమిషాల్లో కట్లు మూడే. మాను ఎక్కే ఘట్టం ఏడు నిమిషాలు ఒకే షాట్. చూసేవాళ్ళు ఆ ఏడు నిమిషాలూ చెరుకు తోట చూస్తూ కూర్చున్నా నేను ఏమీ చేయలేను. వాళ్ళని పిలవగలిగేది శబ్దమే.

దీనికి చుట్టూ, పైనా, కిందా అన్ని వైపుల శబ్దాన్నీ దాని దిక్కుతో సహా పట్టే ఆంబిసానిక్ మైకు కెమెరా కిందే పెడతారు. హెడ్‌సెట్‌లో తల తిప్పితే శబ్దం దాని చోట అది ఉంటుంది. అయితే మా ఊళ్ళో పెద్ద చిక్కు. చెట్టు చెట్టుకీ గొట్టం మైకులు కట్టారు. అర్జునుడు ఎక్కడున్నా ఆయన గొంతు వేపచెట్టులోంచి, ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం మీంచి, గుడి గోపురం మీంచి ఒక్కసారే వస్తుంది. మొదటి ఏడు రికార్డులో దిక్కు అన్నదే లేదు, అంతా హోరు.

మైకులు తగ్గించమని అడగడానికి నాకు మనసు రాలేదు. ఊరికి వినపడాలి కదా. ఈసారి భుజకీర్తి కింద అగ్గిపెట్టె అంత రికార్డరు పెట్టి, గజ్జెల దగ్గర ఇంకోటి కట్టాం. వేషం కట్టేటప్పుడే, బడి గదిలో. రంగు పూసే పెద్దాయన తానే దారంతో కుట్టి బిగించాడు. తర్వాత ఎడిటింగ్‌లో ఆ గజ్జెల చప్పుడుని మాను మీద ఒక్కో మెట్టు ఎత్తుకి జరుపుకుంటూ పోయాను. గజ్జె ఘల్లుమంటుంది, ఆగుతుంది, పద్యం, మళ్ళీ ఘల్లు, ఇంకొంచెం పైన. చూసేవాళ్ళ తల దానంతటదే లేస్తుంది. మొదటిసారి పిన్ని కొడుకు గడ్డం మెల్లగా పైకి లేవడం చూసినప్పుడు, పదహారేళ్ళ తర్వాత మళ్ళీ గట్టిమేళం ముందు సరిగ్గా కట్ వేసిన రోజు గుర్తొచ్చింది.

ఒక ఫోన్

షూటింగ్‌కి ముందు ఊరి పెద్దల్ని అడిగాను, గుళ్ళో మైకులో చెప్పించాను, పడుకునే ఆడవాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళి ఒక్కొక్కరితో మాట్లాడాను. ముఖాలు నేలకేసి ఉంటాయి, చోటు కూడా దూరం. అయినా పదిరోజుల తర్వాత ఒకామె ఫోన్ చేసింది. "అక్కా, నేను మా అమ్మోళ్ళింటికని చెప్పి వొచ్చినాను. మా అత్తోళ్ళకు తెలీదు. నా చీర చూస్తే గుర్తుపడతారు."

మామూలు సినిమా అయితే ఆ షాట్ తీసేస్తాను, ఐదు నిమిషాల పని. ఇక్కడ ఆ షాట్ తీసేస్తే సినిమానే లేదు. అదృష్టం ఏమంటే కెమెరా కదలలేదు, ఆడవాళ్ళు వచ్చి పడుకోవడానికి పావుగంట ముందు నుంచే రికార్డు చేస్తోంది. ఎండ దాదాపు అదే వాలులో ఉంది. ఆ ఖాళీ నేలని కత్తిరించి ఆమె ఉన్న చోట కప్పాను. చెప్పడానికి ఒక వాక్యం. చేయడానికి, ఏడు నిమిషాలు, సెకనుకి 30 ఫ్రేములు, 12,600 ఫ్రేములు. ఆ చోటు మీదుగా ఎవరి కాలు దాటినా, నిమ్మకాయ దొర్లినా అంచు చేత్తో గీయాలి. తొమ్మిది రోజులు పట్టింది. పూర్తయ్యాక ఆమెకి పంపి, చూసి సరే అన్నాకే సినిమాని బయటికి వదిలాను. ఎవరైనా నన్ను ఈ సినిమాలో నీకు నచ్చిన పని ఏది అని అడిగితే, కనపడకుండా చేసిన ఆ తొమ్మిది రోజుల పనే చెబుతాను.

ఊళ్ళో చూపించడం

చావడిలో నాలుగు చాపలు, నాలుగు హెడ్‌సెట్లు. కుర్చీలు వద్దన్నాను. కింద ఎర్రమన్ను పరిచి నీళ్ళు చల్లి, దాని మీద చాప వేశాను, తడిమట్టి వాసన కూడా రావాలని. ఇసుక సంగతి ఇన్నేళ్ళూ మనసులో ఉండబట్టే ఆ ఆలోచన వచ్చింది.

ఎవరూ ముందుగా చెప్పని సమస్యలు చాలా వచ్చాయి. హెడ్‌సెట్ పట్టీ సరిగ్గా కొప్పు దగ్గర తగులుతుంది. పూలు పెట్టుకున్నవాళ్ళకి అసలు కూర్చోదు. పట్టీని కొప్పు కిందికి దించి, పైపట్టీ వదులు చేస్తే కుదిరింది. మధ్యాహ్నానికి ముఖానికి ఆనే స్పాంజి నాలుగింటికీ కుంకుమ రంగు తేలింది. చెమటతో లెన్సు మసకబారేది. మెత్తటి నూలు గుడ్డ ముక్కలు కుట్టించి మనిషికొకటి మార్చాం. రెండు రోజుల్లో 90 మంది దాకా చూశారు. ఇద్దరికి మాత్రం తల తిరిగింది, మిగతావాళ్ళు చివరిదాకా చూశారు.

రెండో రోజు సాయంత్రం పాత అర్జునుడు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ పాటు చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో తపస్సు మాను ఎక్కినాయన. మోకాళ్ళు పోయాక మానుకున్నాడు. మనవడు పట్టుకుని చాప మీద కూర్చోబెట్టాడు. హెడ్‌సెట్ పెట్టాక చాలాసేపు తల ఎత్తలేదు, పడుకున్న ఆడవాళ్ళనే చూస్తున్నాడు. గజ్జెలు రెండో మెట్టు దాటాక మెల్లగా పైకి చూశాడు. అప్పటినుంచి పెదాలు కదులుతూనే ఉన్నాయి.

తీశాక కళ్ళు తుడుచుకుని అన్నాడు: "ఎప్పుడూ పైనుంచి చూసేవోణ్ణి పాపా. కింద నుంచి ఇట్లుంటాదని నాకు తెలీదు." కాసేపాగి, "ఆ పిల్లోడు ఎనిమిదో మెట్టుకాడ పద్యం వొదిలేసినాడు" అన్నాడు.

ఇంటికి వెళ్ళి విన్నాను. నిజమే. ఎనిమిదో మెట్టు దగ్గర గజ్జె ఒకసారి మోగి, పద్యం లేకుండానే మళ్ళీ మోగింది. ఆ పద్యం ఆయన చేత పాడించి సినిమాలో కలుపుదామా అని మనవడు అడిగాడు. కలపలేదు. ఆ రోజు ఆ మెట్టు మీద ఆ పద్యం ఎవరూ పాడలేదు. సినిమాని అలాగే ఉంచి, పద్యాలన్నీ వేరుగా రికార్డు చేస్తానన్నాను.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళాను. మంచం పక్కన స్టాండు వేసి మైకు ఛాతీ ఎత్తున బిగించబోతే చేయి అడ్డం పెట్టాడు.

"ఆడ కాదు పాపా. పైన పెట్టు. ఇవి కిందికి పాడే పద్యాలు కాదు."

పైన మైకు కట్టడానికి ఫ్యాను కొక్కెం ఒకటే ఉంది. ఫ్యాను విప్పి పక్కన పెట్టి, కొక్కేనికి మైకు వేలాడదీశాం. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. గోడకి ఆనుకుని కూర్చుని, తల ఎత్తి, మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఆగకుండా 40 నిమిషాలు పాడాడు.